మందూ మాకూ లేకుండా

పొద్దున్నే ఆ చప్పుడు మొదలైంది. పెరటి గడప మీద కూర్చుని హెప్సి అరచేత్తో తలుపు చెక్కను కొడుతోంది. గబగబా కొన్ని దెబ్బలు, కాస్త విరామం, తర్వాత మెల్లగా ఇంకొకటి. ఆ చివరి దెబ్బ కొట్టాక చెంప తలుపుకు ఆనించి, చెక్క లోపలి నుంచి ఎవరో బదులిస్తారన్నట్టు వింటుంది. ఆరేళ్ళ పిల్ల. అసలు పేరు హెప్సిబా. పేరు పెట్టి పిలిస్తే తల తిప్పదు గానీ ఆ తలుపు చెప్పేది మాత్రం ఎంతసేపైనా వింటుంది.

సుకుమారి పాలు పొంగకుండా చూస్తూనే అత్తగారి వైపు ఓరకంట చూసింది. శీనమ్మ చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతోంది. తలుపు మీద దెబ్బ పడినప్పుడల్లా ఆమె వేళ్ళు ఆగిపోతున్నాయి. చప్పుడు ఆగాకే మళ్ళీ కదులుతున్నాయి. ఆత్మకూరు నుంచి వీళ్ళు ఈ ఇంటికి వచ్చి ఏడాది కావస్తున్నా ఆ వేళ్ళు ఇంకా అలవాటు పడలేదు. వచ్చిన మొదటి రోజైతే ఆవిడ చంకలోని బిందె జారి పెరడంతా తడిసిపోయింది. "ఎవరు నేర్పినారు దానికి?" అని అడిగింది. ఎవరు నేర్పుతారు? ఆత్మకూరు అద్దె ఇంట్లో హెప్సి ఏనాడూ తలుపు జోలికి పోలేదు.

సుకుమారి భర్త శాంతికుమార్ లెక్కల మాస్టరు. సొంత ఊరు ఉదయగిరికి బదిలీ అయితే అందరూ సంతోషించారు. సుకుమారి కూడా సంతోషించింది, నెల్లూరు డాక్టరు హెప్సిని చూసి 'ఆటిజం' అనే మాట చెప్పేదాకా. దానికి మందు లేదని, నేర్పించడమే మందని ఆయన అన్నాడు. నెల్లూరులో కూడా అలా నేర్పేవాళ్ళు లేరు. మద్రాసులో ఒక బడి ఉంది. పిల్లతో పాటు తల్లీ రోజూ కూర్చోవాలి.

"నిన్న ఎస్టీడీ బూత్ నుంచి మద్రాసుకు మాట్లాడాను అత్తయ్యా," అంది సుకుమారి, గ్లాసులో పాలు చల్లారుస్తూ. "జూన్ దాకానే సీటు ఉంచుతారట."

శీనమ్మ చేట చెరిగింది. "మన మాటే సరిగ్గా రానిదానికి అరవం నేర్పిస్తారా?"

"మాటలు తర్వాత. దాహమైతే చెయ్యి చాపడం, ఎక్కడ నొప్పో చూపించడం, ముందు అవి నేర్పుతారు. బడివాళ్ళే పెరంబూరులో ఒక గది చూశారు. ఒంటరి ఆడదానికి ఇవ్వరట, పెద్దవాళ్ళు ఎవరైనా ఉండాలంటున్నారు. మీరు వస్తే..."

"నేను రాను. అది రాదు. దానికి నోరొచ్చింది. సంఘమంతా విన్నది."

ఆ మాటతో సుకుమారి నోరు మూతపడేది. ఫిబ్రవరిలో చర్చిలో కోతపండుగ రోజు జరిగిన సంగతి అది. గుడి నిండా జనం. ఉన్నట్టుండి హెప్సి లేచి నిలబడి, గాయకుల కంటే ముందుగా, కీర్తనలో రెండు చరణాలు ఒక్క అక్షరం తప్పకుండా పాడింది. శీనమ్మ ముందుకు వెళ్ళి సాక్ష్యం చెప్పింది. నా మనవరాలికి నోరు రాదన్నారు, డాక్టర్లు చేతులెత్తేశారు, మందూ మాకూ లేకుండా ప్రభువు దానికి నోరిచ్చాడు, అన్నది. జనం స్తోత్రమన్నారు. హెప్సి విన్నది విన్నట్టు ఏదైనా చెప్పగలదని, ఆకలని మాత్రం చెప్పలేదని సుకుమారికి తెలుసు. అయినా తను లేచి కాదని చెప్పలేదు. పెద్దావిడ అందరి ముందు ఏడుస్తుంటే ఎలా చెప్పడం అనుకుంది. కానీ అసలు సంగతి అది కాదు. ఆ మర్నాటి నుంచి బోరింగు దగ్గర జాలి చూపులు పోయాయి. ఆడవాళ్ళు నవ్వుతూ పలకరించసాగారు. ఆ పలకరింపు సుకుమారికీ బాగుంది.

*

ఎండ ముదురుతుండగా వాకిట్లో ఎవరో పిలిచారు.

"అవ్వా, నోరొచ్చిన పాప ఇల్లు ఇదేనా?"

అలా వచ్చేవాళ్ళు కొత్త కాదు. వింజమూరు నుంచీ కలిగిరి నుంచీ కూడా వచ్చారు. హెప్సి తల నిమిరి ఒక్క మాట చెప్పమని బతిమాలేవారు. ముట్టుకుంటే హెప్సి గోడకు కరుచుకుపోయేది.

ఈసారి వచ్చినామె పేరు దేవకమ్మ. కొండాపురం అవతల పల్లె. భుజాన నాలుగేళ్ళ ఆడపిల్ల తల వాల్చుకుని ఉంది. రెండో చేతిలో ఒక గొర్రెపిల్ల. దాన్ని పందిరి గుంజకు కట్టి, కొంగుతో మొహం తుడుచుకుంది.

"మేం గొర్రెలోళ్ళం. ఈ పిల్లకి బాగైతే మీ దేవుడికి ఇద్దామనుకున్నా. మా ఆయన ముందే ఇచ్చెయ్యి, మొక్కు మోసుకొని తిరగొద్దన్నాడు."

శీనమ్మ పీట వేసింది. "ఏంది బిడ్డకి?"

"ఫిట్సవ్వా. చూపు పైకి పోతాది. కాళ్ళూ చేతులూ కొట్టుకుంటాది. ఆత్మకూరు డాక్టరు బిళ్ళలు రాసిచ్చినాడు. అవి ఏసినన్నాళ్ళూ రాలేదు. మొన్న ఆదివారం నుంచి ఆపేసినా."

మజ్జిగ తెస్తున్న సుకుమారి గుమ్మంలోనే ఆగింది. "ఎందుకాపావు?"

"అవ్వ చెప్పింది కదక్కా, మందూ మాకూ లేకుండా అని. మా పక్కింటి సుబ్బరత్నమ్మ మీ పండక్కొచ్చి చెవులారా విన్నదంట. బిళ్ళ ఏస్తా మొక్కుకుంటే నమ్మకం లేనట్టే గదా అన్నది. అదీ నిజమే అనిపించింది. బిళ్ళలు పొయ్యిలో ఏసేసినా."

"మళ్ళీ ఫిట్స్ రాలేదా?"

"నిన్న వచ్చినాయి. ఈ పొద్దున బస్సులో ఒకసారి." దేవకమ్మ గొంతు తగ్గించింది. "లోపలుండేది పొయ్యేముందు అట్టా గోల చేస్తాదంట గదవ్వా?"

శీనమ్మ చూపు ఆ పిల్ల కనురెప్పల మీద ఉంది. మూసిన రెప్పలు సన్నగా అదురుతున్నాయి.

సుకుమారి గ్లాసు కింద పెట్టింది. "దేవకమ్మా, విను. మా పాపకు బాగు కాలేదు. కీర్తన విని విని అలాగే పాడింది, అంతే. దానికి ఇప్పటికీ నీళ్ళడగడం రాదు. నువ్వు ముందు బిళ్ళలు కొని వెయ్యి."

సరిగ్గా అప్పుడే పెరటి గడప మీంచి హెప్సి గొంతు, బస్టాండులో కండక్టరు కేకలాగే ఖంగుమని వచ్చింది. "ఆత్మకూరు, సంగం, నెల్లూరు! రావాలి, రావాలి! ఎనక చోటుంది!"

దేవకమ్మ ముఖం వెలిగిపోయింది. "మాట్లాడతా ఉండాది గదక్కా!"

"అది మాట్లాడటం కాదు..."

"నువ్వు చదువుకున్నదానివి. నీకు నమ్మకం కుదర్లేదు. సాక్ష్యం చెప్పింది అవ్వ. అవ్వనే చెప్పమను, బిళ్ళ ఏస్తా."

ఇద్దరూ శీనమ్మ వైపు చూశారు. ఆమె పెదవులు కదిలాయి. ఒక్క క్షణం చెప్పేస్తుందనే సుకుమారి అనుకుంది.

"ప్రార్థన చేస్తా దా," అన్నది శీనమ్మ.

పిల్ల తల మీద చెయ్యి వేసి ప్రార్థన చేసింది. ఎప్పుడూ గట్టిగా చేసే మనిషి, ఆ రోజు మాటలు వెతుక్కుంది. దేవకమ్మ మాత్రం తృప్తిగా కళ్ళు తుడుచుకుని, గొర్రెపిల్లను అక్కడే వదిలి, ఒంటిగంట వింజమూరు బస్సుకు బయల్దేరింది.

*

"ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది కదా అత్తయ్యా," అంది సుకుమారి, ఆమె వీధి మలుపు తిరగగానే.

"ఏం చెప్పమంటావు? గుడిలో నిలబడి దేవుడి పేరు మీద అబద్ధమాడినానని చెప్పమంటావా?"

"అబద్ధమని నేననలేదు. మీరు నమ్మారు. ఇప్పుడు కాదని తెలిసింది."

"నాకు తెలీలేదు సరే. నీకు తెలుసు గదా? ఆ రోజు నా పక్కనే కూచోనున్నావు. నీ నోరేమైంది?"

దానికి జవాబు తనకు తెలిసినంత బాగా అత్తగారికీ తెలుసని సుకుమారికి అప్పుడే అర్థమైంది. సిగ్గు కోపంగా మారింది. "నాది తప్పే. కానీ ఆ పిల్లకు ఏమైనా అయితే ఎవరిది బాధ్యత?"

"అరవబాకే."

"అరవకపోతే ఈ ఇంట్లో ఎవరికి వినపడుతుంది?"

ఒంటిపూట బడి ముగించుకుని శాంతికుమార్ అప్పుడే వచ్చాడు. చెప్పులు విడుస్తూ, "వాకిట్లో గొర్రెపిల్ల ఎవరిది? పెళ్ళేదన్నా కుదిర్చినారా?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. సుకుమారి జరిగింది చెప్పింది. అతను చొక్కా గుండీ విప్పబోయి ఆగిపోయాడు.

"బిళ్ళలు వెయ్యమని ఎవరితోనైనా కబురు పంపిద్దాం," అన్నాడు చివరికి.

"ఎవరు చెబితే వింటుంది? అత్తయ్య చెబితే తప్ప విననన్నది."

"అమ్మ ఆ మాట ఎనక్కి తీసుకుంటే సంఘంలో మనం ఏ మొహం పెట్టుకొని తిరగాల? కాస్త నిదానంగా ఆలోచిద్దాం."

"మద్రాసు గురించీ నిదానమే అంటారు. ఏడాదిగా నిదానిస్తూనే ఉన్నారు. మీరు రాలేరు, జిల్లా పరిషత్ ఉద్యోగం, నాకు తెలుసు. కనీసం మీ అమ్మను ఒప్పించలేరా?"

"మద్రాసు, మద్రాసు!" శాంతికుమార్ గొంతు ఒక్కసారిగా లేచింది. "ఈ ఇంట్లోంచి ఒకడు మద్రాసు పొయ్యొచ్చినాడు. నీకేం తెలుసని?"

"శాంతీ!" శీనమ్మ అరుపుకు గొర్రెపిల్ల కూడా బెదిరింది.

ముగ్గురూ మాట్లాడటం ఆపేశాక ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందో తెలిసింది. పెరట్లో తలుపు చప్పుడు లేదు.

శీనమ్మ ముందుగా లేచింది. పెరటి గుమ్మం దాకా వెళ్ళి అక్కడే నిలబడిపోయింది. సుకుమారి ఆమె భుజం మీదుగా చూసింది. హెప్సి గడప మీదే ఉంది. ఏడవడం లేదు. రెండు చేతులూ ఒళ్ళో బోర్లా పెట్టుకుని, ఎదురుగా గోడను చూస్తూ, బుద్ధిమంతురాలిలా కూర్చుని ఉంది. పెద్దవాళ్ళ అరుపులకు భయపడింది పాపం, అనుకుంది సుకుమారి. కానీ శీనమ్మ మనవరాలి ముందు చతికిలబడి, ఒళ్ళోని ఆ చేతుల్లో ఒకదాన్ని పట్టుకుని తలుపు మీద పెట్టింది. చెయ్యి జారి మళ్ళీ ఒళ్ళోకే వచ్చింది.

"కొట్టమ్మా," అన్నది. "నేనేమీ అనను. కొట్టు."

హెప్సి కదల్లేదు.

శీనమ్మ లేచి కొంగు నడుముకు చుట్టుకుంది. "ఆ వింజమూరు బస్సు పోయుంటాదా?"

"ఇంకా టైముంది. ఎందుకమ్మా?" అన్నాడు శాంతికుమార్.

ఆమె అప్పటికే చెప్పులు వేసుకుంది.

*

ఏప్రిల్ ఎండలో ఆ వయసు మనిషి అంత వేగంగా నడుస్తుందని సుకుమారి అనుకోలేదు. హెప్సిని ఎత్తుకుని వెనకాల దాదాపు పరుగెత్తింది. బస్సు స్టార్టు చేసి ఉంది. శీనమ్మ కిటికీ కమ్మీలు పట్టుకుని పిలిచింది.

"దేవకమ్మా, దిగు."

"ఏందవ్వా?"

"నా మనవరాలికి బాగు కాలేదు." ఇంజను చప్పుడు మీదుగా వినపడాలని గొంతు పెంచింది. బస్సులో తలలన్నీ తిరిగాయి. సంఘం వాళ్ళు కూడా ఇద్దరు ముగ్గురున్నారు. "దానికి నోరు రాలేదు. రావాలని నాకు ఆశ. వచ్చిందని చెప్పేసినా. మందూ మాకూ లేకుండా అనేది సాక్ష్యంలో అందరూ అనే మాట, నేనూ అన్నా. నీ బిడ్డకి బిళ్ళ ఆపబాక."

ముందు సీట్లోంచి ఒకామె, "ఏందొదినా, ఎండదెబ్బ తగిలిందా?" అన్నది. శీనమ్మ ఆమె వైపు చూడలేదు.

దేవకమ్మ పిల్లతో సహా దిగింది. ముఖం ఎర్రబడిపోయింది. "మరెందుకు చెప్పినావే ముసల్దానా? నా చేతులతో పొయ్యిలో ఏసినానే బిళ్ళలు!"

"తిట్టు. ఎంతన్నా తిట్టు. బస్సెక్కినాక తిట్టు. ముందు ఆత్మకూరు పోదాం పా."

ఆత్మకూరు బస్సు కదలబోతుండగా శాంతికుమార్ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా మీద గొర్రెపిల్లను భుజాన వేసుకుని, దాని కాళ్ళు రెండు చేతులతో పట్టుకుని, దారిలో నమస్కారం పెట్టిన పిల్లలకు తల ఊపుతూ వచ్చాడు. దాన్ని దేవకమ్మ కాళ్ళ దగ్గర దించాడు. "నీ మొక్కు నువ్వే ఉంచుకో తల్లీ," అని, తల్లి వైపు తిరిగాడు. "నేను అయ్యగారి దగ్గరికి పోతా ఉండా. ఆయనకి ఊళ్ళోవాళ్ళు చెప్పేలోపల మనమే చెప్పాల."

పాస్టరు గారి ముందు నోరెత్తడానికి కూడా జంకే మనిషి. సుకుమారి అతని ముఖంలోకి చూసింది. అతను తల వంచుకుని టిక్కెట్టు డబ్బులు ఆమె చేతిలో పెట్టాడు.

ఆత్మకూరులో డాక్టరు అందరినీ కలిపి తిట్టాడు. ఆ మందు ఉన్నట్టుండి ఆపితే ప్రాణానికే ముప్పని చెప్పి, పిల్లకు ఇంజెక్షన్ ఇచ్చి, రెండు రోజులు అక్కడే ఉండాలన్నాడు. వరండాలో గొర్రెపిల్ల అరుస్తూనే ఉంది. సాయంత్రానికి పిల్ల కళ్ళు తెరిచి నీళ్ళడిగింది. దేవకమ్మ ఏడ్చింది. శీనమ్మ పక్కన కూర్చోబోతే జరగలేదు, పొమ్మనీ అనలేదు.

*

తిరుగు బస్సులో జనం పలచగా ఉన్నారు. కిటికీ పక్కన హెప్సి, మధ్యలో శీనమ్మ, ఈ చివర సుకుమారి. బయట పొద్దు వాలుతోంది. శీనమ్మ తనలో తాను అనుకుంటున్నట్టు మొదలుపెట్టింది.

"ఆ తలుపు ముందు కొట్టినోడు జయపాల్."

శాంతికి ఒక అన్న ఉండేవాడని, చిన్నప్పుడే పోయాడని మాత్రమే సుకుమారికి తెలుసు. ఆ పేరు ఇంట్లో ఎవరూ ఎత్తరు.

"వాడికీ మాట రాలేదు. పొద్దస్తమానం ఆ గడప మీదనే. ఇట్టాగే కొట్టేవాడు, చెంప ఆనించి వినేవాడు. మీ మామ మద్రాసులో పెద్దాసుపత్రి ఉండాదని తీసకపోయినాడు. నేనూ పోయినా. బాగు చేసి పంపుతామన్నారు. గేటు దాటి లోపలికి నన్ను రానియ్యలేదు. వాడు నా కొంగు పట్టుకున్నాడు సుకుమారీ. వదల్లేదు. ఆ వేళ్ళు ఒక్కొక్కటి నేనే ఇడిపించినా."

బస్సు గతుకులో పడి లేచింది. హెప్సి అద్దానికి నుదురు ఆనించుకుని ఆ అదురును అనుభవిస్తోంది.

"చానా నెలలకు పంపించినారు. అరవడు, ఏడవడు. తలుపు కొట్టడు. రెండు చేతులూ ఒళ్ళో బోర్లా పెట్టుకొని కూచునేవాడు. ఊరంతా బాగైందన్నారు. మీ మామ గుళ్ళో సాక్ష్యం కూడా చెప్పినాడు. నేనూ స్తోత్రమన్నా. అట్టా కూచోనే, ఒక వానాకాలం జొరమొచ్చి పోయినాడు."

సుకుమారికి మధ్యాహ్నం పెరట్లో చూసింది గుర్తొచ్చింది. తను బుద్ధిగా కూర్చోవడం అనుకున్నది ఈమె కంటికి ఎలా కనబడిందో ఇప్పుడు తెలిసింది.

"మీరు ఆత్మకూరు నుంచి వచ్చిన రోజు ఆ చప్పుడు విన్నాక..." శీనమ్మ హెప్సి వైపు చూసింది. "వాడే అనుకున్నా. మనం అట్టాంటివి నమ్మగూడదు. నాకు తెలుసు. అయినా ఏడాదిగా పొద్దున్నే దానికోసమే లేస్తా ఉండా. దాన్ని మద్రాసు పంపితే మళ్ళా ఆ చేతులు ఒళ్ళోకి పోతాయి."

ఏడాదిగా సుకుమారి ఈమెతో వాదించింది. మూర్ఖత్వమనుకుంది, సంఘంలో పరువు కోసమనుకుంది, లోలోపల ఇంకా పెద్ద మాటలే అనుకుంది. ఈమె గేటు ముందు నిలబడి ఉన్నదని, ఇన్నేళ్ళుగా అక్కడే నిలబడి ఉన్నదని అనుకోలేదు.

"అక్కడ వదిలిపెట్టం అత్తయ్యా," అంది మెల్లగా. "నేను పక్కనే కూర్చోవాలి, అది వాళ్ళ నియమం. సాయంత్రానికి ఇంటికి తెచ్చుకుంటాం. ఒక్క రాత్రి కూడా అక్కడ ఉంచం."

"గేటు కాడ నన్ను ఆపితే?"

"ఆపితే ఆ రోజే వెనక్కి వచ్చేద్దాం. పిల్లను తీసుకుని."

శీనమ్మ కోడలి వైపు తిరిగింది. "నీ నోటి మాటేనా?"

"నా మాటే."

అప్పుడు ఆమె కోడలి భుజానికి తల ఆనించింది. పెళ్ళయి ఇన్నేళ్ళలో ఒకరినొకరు అలా ఆనుకున్నది లేదు. ఉదయగిరి దీపాలు కనబడేదాకా ఇద్దరూ కదల్లేదు.

ఆదివారం శీనమ్మ గుడిలో లేచి నిలబడి, బస్టాండులో చెప్పిందే మళ్ళీ చెప్పింది. ఎవరూ స్తోత్రమనలేదు. ఆమె వచ్చి కూర్చున్నాక చాప మీద పక్కనున్న ఆడవాళ్ళు కాస్త జరిగారు. చోటిచ్చారో, దూరమయ్యారో సుకుమారికి తెలియలేదు. తను మాత్రం ఈసారి ఆమెకు ఆనుకుని కూర్చుంది.

*

జూన్ మొదటి వారంలో నలుగురూ మద్రాసు చేరారు. శాంతికుమార్ సామాను పెరంబూరు గదిలో దింపి, స్టవ్ వెలిగించి చూసి, మర్నాడు వెనక్కి బయల్దేరాడు. వెళ్ళేముందు సుకుమారిని పక్కకు పిలిచాడు. "అన్న సంగతి బళ్ళో చెప్పొద్దు. వంశంలోనే ఉండాదని సీటు ఇయ్యరేమో."

బడి ఒక పాత బంగళా. గేటు దగ్గర శీనమ్మ కాళ్ళు ఆగిపోయాయి. హెప్సి చేతిని ఎంత గట్టిగా పట్టుకుందంటే పిల్ల గింజుకుంది. లోపలి నుంచి నూలు చీర కట్టుకున్న నడివయసు టీచరు వచ్చి, వాళ్ళ యాస విని, వచ్చీరాని తెలుగులో, "పెద్దమ్మా, మీరూ రావాలి. అందరూ లోపలికే," అన్నది. శీనమ్మ ఒకసారి వెనక్కి తిరిగి గేటును చూసింది. అది తెరిచే ఉంది.

ఒక గదిలో చాప మీద చెక్క దిమ్మెలు పోసి హెప్సిని వదిలారు. వీళ్ళను కుర్చీల్లో కూర్చోబెట్టి టీచరు ఒక్కొక్కటే అడిగింది. ఎప్పుడు నడిచింది, ఏం తింటుంది, దేనికి భయపడుతుంది. సుకుమారి చెప్పుకుంటూ పోయింది.

"ఇంట్లో ఇంకెవరైనా ఇలా ఉన్నారా?"

"లేరండీ..." అని సుకుమారి అనబోతుండగానే,

"ఉండినాడు," అన్నది శీనమ్మ. "నా పెద్దకొడుకు. జయపాల్."

టీచరు ముఖంలో ఆశ్చర్యం లేదు. కుర్చీ కాస్త శీనమ్మ వైపు తిప్పుకుంది.

"జయపాల్‌కి ఏమేం ఇష్టం పెద్దమ్మా?"

శీనమ్మకు ఆ ప్రశ్న అందలేదు. వాడికి ఏమైందని అడిగినవాళ్ళున్నారు. ఎవరి పాపమని, కరుస్తాడా అని, ఇంట్లో ఎట్లా పెట్టుకున్నారని అడిగినవాళ్ళున్నారు. వాడు బతికినన్నాళ్ళూ, పోయాక ఇన్నేళ్ళూ, ఈ మాట ఎవరూ అడగలేదు. ఆ ఇంటి కోడలు కూడా అడగలేదు. ఆ రోజు బస్సులో అంతా విన్నాక కూడా అడగలేదు.

"ఇష్టమా?" అన్నది శీనమ్మ. కళ్ళు నిండాయి. కొంగు తీసుకోవడం మరచిపోయింది. "వానంటే ఇష్టం. చూరు కింద నిలబడి నోరు తెరిచేవాడు. చల్దన్నంలో ఉప్పు ఎక్కువెయ్యాల, లేకుంటే తోసేస్తాడు. సైకిలు చక్రం తిప్పితే నవ్వేవాడు. వాడి నవ్వు... నవ్వితే పైన ఒక పన్ను వంకరగా కనపడేది."

టీచరు మధ్యలో ఆపలేదు. సుకుమారి తన కుర్చీని అత్తగారి దగ్గరికి జరుపుకుంది.

శీనమ్మ ఆగి, పరాయి ఊళ్ళో పరాయి మనిషి సమయం తీసుకుంటున్నానేమోనన్న సంకోచంతో అడిగింది.

"ఇంకా ఉండాయి. చెప్పొచ్చునా?"